సినిమా చూసొచ్చి ఏం చెప్పాలి? కేబిన్ కంతలోంచి జనాన్ని చూసినవాడి జవాబు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నెలకి మూడు నాలుగు సినిమాలు చూస్తాను. చూశాక మా స్నేహితుల గ్రూపులో నాలుగు ముక్కలు రాస్తాను. ఎంత రాసినా 'ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగ్, బీజీఎం అదిరింది' దగ్గరే ఆగిపోతోంది. కెమెరా, ఎడిటింగ్ లాంటివి నాకేం తెలియవు. పైగా నాకు నచ్చిందంటే మావాళ్ళు ఒప్పుకోరు, రోజంతా గొడవ. మామూలు ప్రేక్షకుడి అభిప్రాయానికి విలువ ఉందా? ఉంటే ఎలా చెప్పాలి?"

విలువ ఉందండీ. కాకపోతే మీరు జడ్జి కుర్చీలో కూర్చుని మొదలుపెడుతున్నారు, అందుకే మాటలు రావట్లేదు. తీర్పు పక్కన పెట్టి సాక్ష్యం చెప్పండి. ఏ హాల్లో, ఏ ఆట, ఎవరితో చూశారు, ఎక్కడ కదలకుండా కూర్చున్నారు, ఎక్కడ జేబులోంచి ఫోను తీశారు. ఇవి చెప్పడానికి ఎడిటింగ్ తెలియక్కర్లేదు. తెలియాల్సింది ఇంకొకటి ఉంది: నచ్చకపోవడంలో సినిమా వాటా ఎంత, హాలు వాటా ఎంత, ఆ రోజు మన ఒంట్లో ఓపిక వాటా ఎంత అన్నది. చాలా గొడవలు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా పని చెప్పాలి. విజయవాడ గాంధీనగర్లోనూ ఆ చుట్టుపక్కలా సినిమా హాళ్ళలో ముప్పై రెండేళ్ళు ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్‌గా చేశాను. 1988లో ప్రొజెక్టర్‌కి వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు మార్చే కుర్రాడిగా చేరి, రీళ్ళు పోయి కంప్యూటర్ సర్వర్ మీద ప్లేలిస్టు పెట్టే రోజుల దాకా ఉన్నాను. ఆపరేటర్ సినిమా చూస్తాడని అందరూ అనుకుంటారు. రెండో రోజు నుంచి చూడడు. ప్రొజెక్టర్ ఉండే కేబిన్ గోడకి చిన్న కంత ఉంటుంది కదా, అందులోంచి అతనికి కనిపించేవి తలకాయలు. రోజుకి నాలుగాటలు, అవే సీన్లు, కొత్త తలలు. ఏ సీనుకి జనం ఏం చేస్తారో నాకు తెలిసినంతగా ఆ సినిమా తీసినాయనకి కూడా తెలిసుండదని నా గర్వం. కొంచెం ఎక్కువే అనుకోండి.

సీను పట్టుకుంటే తలలు కదలవు. వదిలేసిన క్షణంలో ముందు పక్క సీటు వైపు తిరుగుతాయి. నేల టికెట్టు రోజుల్లో అయితే బీడీ పొగ లేచేది. తర్వాత తర్వాత చీకట్లో ఒక్కొక్క ఫోనూ వెలగడం మొదలైంది, కార్తీకమాసంలో దుర్గాఘాట్ దగ్గర నీళ్ళలోకి వదిలిన దీపాల్లాగా. ఒకటి వెలిగితే ఫర్వాలేదు. ముప్పై వెలిగాయంటే ఆ సీను పోయినట్టే. సోమవారం మ్యాట్నీకి మేనేజరు కేబిన్ దగ్గరికొచ్చి "ఎక్కడ లేస్తున్నారు?" అని అడిగేవాడు. ఎక్కడ అనేదే ప్రశ్న, బాగుందా లేదా అని ఏనాడూ అడగలేదు.

మీరు చెప్పాల్సిందీ అదే. "సెకండాఫ్ లాగ్" అనకండి. లాగ్ అనే మాట కింద మనం రకరకాల జబ్బుల్ని తోసేస్తున్నాం. హీరోకి తెలియకముందే విలన్ ఎవరో మనకి తెలిసిపోయి, అతను కనుక్కునేదాకా గంటసేపు కాపలా కాయడం ఒక రకం. ఎవరు గెలిస్తే మనకేంటి అనిపించడం ఇంకో రకం, ఇది మొదటిదానికన్నా ప్రమాదం, దీనికి ఫైట్లు పెంచినా మందు పనిచేయదు. చెప్పాల్సింది అయిపోయాక కూడా ఇద్దరూ నిలబడి అదే విషయం మళ్ళీ మాట్లాడుకోవడం మరొకటి. నేను చూసినంతలో ఎక్కువ ఫోన్లు వెలిగేది ఇంటర్వెల్ తర్వాత పావుగంటలో. కథ సరిగ్గా అక్కడే ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెళుతుంది. ఇంటర్వెల్ దగ్గర తలుపు కొట్టిన చప్పుడుకి జనం ఊపిరి బిగబట్టి బయటికెళ్ళి, పాప్‌కార్న్ పట్టుకుని లోపలికొస్తే, తలుపు ఎవరు కొట్టారో చెప్పకుండా ఇరవై ఏళ్ళ వెనక్కి తీసుకెళితే ఎవరికైనా చిరాకే. ఆ ఫ్లాష్‌బ్యాక్ విడిగా చూస్తే బాగానే ఉండొచ్చు. పెట్టిన చోటు తప్పు. మీరు "ఇంటర్వెల్ అయ్యాక కథ వెనక్కి వెళ్ళినప్పుడు నాకు ఆసక్తి పోయింది" అని రాస్తే, అది చదివినవాడికి మీ మనసూ తెలుస్తుంది, సినిమా సంగతీ తెలుస్తుంది.

ఇక హాలు వాటా. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

హాల్లో మాటలు ఎక్కువగా తెర వెనక మధ్యలో ఉండే స్పీకరులోంచి వస్తాయి. తెరకి సన్న చిల్లులుంటాయి, అందులోంచి శబ్దం బయటికొస్తుంది. సంగీతం, చప్పుళ్ళు ఎక్కువగా కుడి ఎడమ స్పీకర్ల నుంచీ గోడల మీద ఉన్నవాటి నుంచీ వస్తాయి. నేను పనిచేసిన ఒక హాల్లో ఒకసారి ఆ మధ్య స్పీకరు ఆంప్లిఫయర్ నీరసించిపోయింది. పూర్తిగా పోతే వెంటనే తెలిసేది, ఈలలేసి గోల చేసేవాళ్ళు. సగం పోయింది. నాలుగు రోజులు ఎవరూ పసిగట్టలేదు, నాతో సహా. కేబిన్లో మాకు మానిటర్ స్పీకర్లో మామూలుగానే వినిపిస్తోంది. ఆ నాలుగు రోజులూ బయటికొచ్చిన జనం అన్నమాట: "కొత్త కుర్రాడు బాగున్నాడు గానీ మాట నమిలేస్తున్నాడు. మ్యూజిక్ చెవులు చిల్లులు పడుతోంది." సైకిల్ స్టాండు దగ్గర ఈ మాట నేనూ విని తలూపాను. అయిదో రోజు మెకానిక్ వచ్చి మీటరు పెట్టాక తెలిసింది, నమిలింది కుర్రాడు కాదు, మా ఆంప్లిఫయర్ అని. అప్పటికే ఆ మాట ఊరంతా పాకింది.

అందుకని మాటలు వినపడలేదు, మ్యూజిక్ ఎక్కువైంది అనిపిస్తే, వేరే హాల్లో చూసినవాళ్ళని ఒక్కసారి అడిగి రాయండి. ఇంకో సంగతి. సౌండ్ ప్రాసెసర్ మీద వాల్యూమ్‌కి 7 అనే అంకె ప్రామాణికం, సినిమాకి సౌండు కలిపేవాళ్ళు దానికి తగ్గట్టే కలుపుతారు. కానీ ఎవరో ఒకరు చంటిపిల్లతో వచ్చి సౌండు ఎక్కువైందని గొడవ చేస్తారు, మేనేజరు 5కి దించమంటాడు. ఇక ఆ సినిమా అంతా 5 మీదే నడుస్తుంది. గుసగుసగా మాట్లాడుకున్న సీన్లన్నీ పోతాయి. మీ గుంటూరులో ఒక హాల్లో నేను మా బావమరిదితో ఒక థ్రిల్లర్ చూశాను. హంతకుడు తన పేరు చెప్పే మాట మా ఇద్దరికీ వినపడలేదు. ఇంటికెళ్ళేదాకా బస్సులో దాని మీదే వాదన.

బొమ్మ సంగతీ అంతే. "ఫొటోగ్రఫీ చీకటిగా ఉంది" అని రాసేముందు ప్రొజెక్టర్ దీపం గురించి ఆలోచించండి. జినాన్ దీపానికి ఇన్ని గంటలని ఆయుష్షు ఉంటుంది, వాడేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కొత్తది ఖరీదు కాబట్టి ఓనర్లు ఇంకో వారం, ఇంకో వారం అని లాగుతారు. త్రీడీ అయితే మరీను. కళ్ళద్దాలు పెట్టుకోగానే కంటికి చేరే వెలుగు సగం కంటే బాగా తగ్గిపోతుంది. రాత్రిపూట అడవిలో జరిగే సీనుని పాత దీపంతో త్రీడీలో చూస్తే కనిపించేది చీకటే. ఇంట్లో ఓటీటీలో చూసేవాళ్ళకి దీనికి ఎదురు సమస్య. సినిమా సెకనుకి 24 బొమ్మలతో తీస్తారు. కొత్త టీవీల్లో కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది మధ్యలో తనంతట తాను బొమ్మలు చేర్చేస్తుంది. దాంతో ఎంత ఖర్చుపెట్టి తీసిన సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్లా కనిపిస్తుంది. మా అల్లుడు "ఏంటి మావయ్యా, ఇంత చీప్‌గా తీశారు" అంటే రిమోట్ తీసుకుని ఆ సెట్టింగ్ ఆపాను. చీప్ పోయింది.

రీళ్ళ రోజుల్లో నేను చేసిన ఘనకార్యం కూడా ఒప్పేసుకుంటాను. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండేసి కలిపి ఒక్కో మిషను మీద ఎక్కించి, ఒకటి అయిపోతుంటే రెండోది అందించేవాళ్ళం. ఒక సెకండ్ షోకి నిద్రమత్తులో 12వ రీలు ముందు, 11వ రీలు తర్వాత కలిపేశాను. తండ్రి చచ్చిపోయి, కర్మకాండ అయిపోయి, ఆ తర్వాత ఆయనే వచ్చి కొడుక్కి బుద్ధులు చెబుతున్నాడు. హాల్లో ఒక్క ఈల లేదు. ఫ్లాష్‌బ్యాక్ అనుకున్నారు. ఇంటర్వెల్లో సమోసాలు అమ్మే కుర్రాడొక్కడే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు, "బాబాయ్, చచ్చినాయన లేచాడు" అంటూ. ఆ రాత్రి చూసిన మూడొందల మంది దృష్టిలో ఆ సినిమా కథ వేరు. వాళ్ళలో ఎవరైనా తర్వాత ఎక్కడో వాదించి ఉంటే, పాపం, వాళ్ళ తప్పేం లేదు.

ఒంట్లో ఓపిక సంగతి పొడిగించను. నైట్ డ్యూటీ చేసొచ్చి మార్నింగ్ షోకి వెళ్ళి "నీరసంగా ఉంది సినిమా" అనేవాళ్ళు బోలెడుమంది. పళ్ళ నొప్పితో చూశాను, మే నెలలో ఏసీ పనిచేయని హాల్లో చూశాను అని ఒక్క ముక్క కలిపితే చదివేవాళ్ళే సర్దుకుంటారు.

ఇప్పుడు మీ గ్రూపు గొడవ. ఇందులో సగం అభిప్రాయాల గొడవ కాదు, లెక్కల గొడవ. హీరో అభిమాని "మొదటి రోజు ఇంత గ్రాస్" అంటాడు, ఇంకొకడు "షేర్ ఎంత" అంటాడు. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుల మెట్లెక్కి దిగినవాడిగా చెబుతున్నాను, ఆ లెక్క మీకు టికెట్టు కొనేటప్పుడు గానీ సినిమా చూసేటప్పుడు గానీ పనికిరాదు. గ్రాస్ అంటే అమ్మిన టికెట్ల మొత్తం డబ్బు. అందులోంచి పన్ను, హాలు అద్దె పోగా, ఆ ఏరియాలో సినిమా ఆడించుకునే హక్కు కొన్న డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. కృష్ణా, గుంటూరు విడివిడి ఏరియాలుగా అమ్ముతారు. ఒకే సినిమా మా దగ్గర కొన్నవాడికి లాభం, మీ దగ్గర కొన్నవాడికి నష్టం రావచ్చు. ఎక్కువ పెట్టి కొన్నవాడికి మంచి సినిమా కూడా ఫ్లాపే. అది అతని కొనుగోలు సంగతి, మీరు ఏడ్చారా నవ్వారా అన్నదానికీ దానికీ సంబంధం లేదు.

మొదటి రోజు టాక్ సంగతి కూడా అలాంటిదే. 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. ఆ రోజే తుఫాను మన కృష్ణా తీరం దగ్గర ఒడ్డెక్కింది. రోడ్ల మీద నీళ్ళు, కరెంటు లేదు, మనుషులు గడప దాటే పరిస్థితి లేదు. ఆ రెండు మూడు రోజుల హాళ్ళు చూసి ఎవరైనా లెక్క రాసుంటే ఏం రాసుండేవారో ఊహించుకోండి. వాన తగ్గాక అది ఎంత పెద్ద హిట్టయిందో అందరికీ తెలుసు. సరిగ్గా 35 ఏళ్ళకి, 2025లో అదే తేదీన మళ్ళీ హాళ్ళకొచ్చింది. ఇంకో రకం ఉదాహరణ 'ఆరెంజ్'. 2010లో నిర్మాతకి పెద్ద నష్టం మిగిల్చింది. 2023లో మళ్ళీ వేస్తే కుర్రాళ్ళు పాటలన్నీ తెరతో పాటు పాడారు. సినిమా మారలేదు, చూసేవాళ్ళ వయసు మారింది.

కాబట్టి మీకు నచ్చింది మీ స్నేహితుడికి నచ్చలేదంటే "నీకు టేస్ట్ లేదు" అనే బదులు, ఎక్కడ చూశావు, ఎక్కడ వదిలేశావు అని అడగండి. ఒక సీను పేరు చెప్పమనండి. సీను చెప్పగలిగితే మాట్లాడుకోవచ్చు. చెప్పలేకపోతే అతను సినిమా గురించి మాట్లాడటం లేదని అర్థం, టీ తాగి లేచిపోండి.

మీరు రాసేది ఎలా ఉండొచ్చో నమూనాకి ఒకటి రాస్తాను, సినిమా కల్పితమే:

"శనివారం ఫస్ట్ షో, అమ్మతో వెళ్ళాను. ముందు నుంచి నాలుగో వరస, మెడ నొప్పి. అన్నదమ్ములు పొలం పంచుకునే సీను దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది, మా ఇంట్లో జరిగినట్టే ఉంది. తమ్ముడు పట్నం వెళ్ళాక వచ్చే ప్రేమకథ నాకు పట్టలేదు, ఆ అమ్మాయి ఏం పని చేస్తుందో కూడా చెప్పలేదు. పాటకి నేను బయటికెళ్ళాను, అమ్మ వెళ్ళలేదు. చివర్లో అన్న ఏం చేస్తాడో చెప్పను. ఇంటికొచ్చాక అమ్మ మా పెదనాన్నకి ఫోన్ చేసింది."

ఇందులో బాగుంది, బాలేదు అన్న మాటే లేదు. రేటింగూ లేదు. కానీ చదివినవాడికి వెళ్ళాలో వద్దో తెలిసిపోతుంది. ప్రేమకథలు ఇష్టపడేవాడు కూడా దీన్ని చదివి తనకి నచ్చవచ్చేమో అనుకోగలడు.

నేను విన్నవాటిలో గొప్ప రివ్యూ మా ఆవిడది. ఒక కుటుంబ కథ, అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. బయటికొచ్చి రిక్షా ఎక్కాక అంది: "ఆ తల్లి అందరికీ వడ్డిస్తూనే ఉంది, ఆవిడ తిన్నట్టు ఒక్కసారి చూపించలేదు." అంతే. ఆ తర్వాత వందసార్లు ఆ సినిమా వేశాను, ప్రతిసారీ నా కళ్ళు ఆ తల్లి కంచం కోసం వెతికాయి. లేదు. మా ఆవిడకి స్క్రీన్‌ప్లే అంటే ఏంటో తెలియదు.

కొన్ని చిన్న జాగ్రత్తలు. కథలో మలుపు రాయకండి, కానీ మలుపు ఉందని కూడా రాయకండి. "చివర్లో ట్విస్ట్ ఊహించలేరు" అంటే చదివినవాడు మొదటి నుంచీ ఊహిస్తూనే కూర్చుంటాడు. నటీనటుల ఒళ్ళు, రంగు, వయసు జోలికి వెళ్ళకండి, అది అభిప్రాయం అనిపించుకోదు. పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా అని అడిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి సూటిగా చెప్పండి. పిల్లలు పెద్దల అజమాయిషీలో చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని 2024 నవంబరు నుంచి వయసుని బట్టి 7+, 13+, 16+ అని విడదీశారు. అది చూసుకోమనండి, దానితో పాటు "ఇంటర్వెల్ ముందు తల నరికే సీను ఉంది, పాప జడుసుకుంటుంది" అని మీ కంటితో చూసింది కలపండి. సర్టిఫికెట్టు కంటే ఇంకో తల్లి మాట ఎక్కువ నమ్ముతారు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. తెరని ఫోనులో తీసి స్టేటస్ పెట్టకండి. హీరో ఎంట్రీ పది సెకన్లే కదా అనుకుంటారు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో అనుమతి లేకుండా సినిమా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. మీ అభిప్రాయానికి ఆ వీడియో అక్కర్లేదు.

చివరగా, మీరు అడగనిదే గానీ తప్పకుండా ఎదురయ్యేది. ఆరు నెలలకి టీవీలో అదే సినిమా చూసి మీ మనసు మారుతుంది. అప్పుడు పాతది తుడిచేయకండి, కింద తేదీ వేసి రెండోది రాయండి. నా దగ్గర పాత డైరీలు ఉన్నాయి, రోజూ మిషను గంటలు రాసే డైరీలు, అంచుల్లో సినిమా మీద ఒక్కో ముక్క రాసేవాణ్ణి. 1994లో ఒక సినిమాకి "వేస్టు. రెండు వారాలు ఆడదు" అని రాసుకున్నాను. అదే పేజీలో కింద వేరే సిరాతో ఇంకో లైను ఉంది: "యాభయ్యో రోజు. నిన్న సెకండ్ షోకి కేబిన్లో కుర్చీ వేసుకుని మొత్తం చూశా."